ఏది వాయించాలి? ఒక పియానో పట్టిక పూర్వకథ

నేనెరిగినంతలో మా కొండకర్లలో పియానో ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు. ఆవ ఉంది. ఆవలో తామరలున్నాయి, తాటిమొద్దులు తొలిచి రెండేసి జతగా బిగించిన దోనెలున్నాయి, చలికాలంలో దూరదేశాల నుండి వచ్చి వాలే పక్షులున్నాయి. సంగీతమంటే మాకు భజనగోష్ఠి, పండుగనాటి నాటకం, ఆ నాటకం వారి హార్మోనియం. ఇటువంటి ఊరిలో కూర్చొని పియానోను గురించి వ్రాయబూనడం సాహసమే. కాని గడచిన శ్రావణంలో మా ఇంటి వసారాలో సాగిన ఒక వాదం నన్నీ పనికి పురికొల్పింది. పాఠకులు నా అనర్హతను కాసేపు మన్నింతురు గాక.

మా చెల్లెలి మనవరాలు ఇంగ్లండులో పుట్టి పెరిగిన పిల్ల. ఏడవయేట మొదలుపెట్టిన పియానో ఇప్పుడామెకు ప్రాణమయింది. వచ్చే ఏడు అక్కడి సంగీత కళాశాలలో చేరాలని సంకల్పం. అక్టోబరు మొదట్లో దరఖాస్తు, చలికాలం తొలిరోజుల్లో ప్రవేశపరీక్ష. సెలవులకు ఇక్కడకు వచ్చినా సాధన మానరాదని విశాఖపట్నం నుండి ఎనభై ఎనిమిది మెట్ల ఎలక్ట్రానిక్ పియానో ఒకటి అద్దెకు తెప్పించారు. అది మా వసారాలో, వడ్ల బస్తాల పక్కన వెలసింది. పరీక్షలో పదిహేను నిమిషాలకు మించకుండా, ఒకదానికొకటి పోలికలేని రచనలు కొన్ని వాయించాలి. ఏవి వాయించాలో ఎవరికి వారే ఎంచుకోవాలి. గొడవంతా అక్కడే వచ్చింది.

వాళ్ళ నాన్న, అంటే నా మేనల్లుడు, లిస్ట్ రచన 'లా కాంపనెల్లా'ను చేర్చి తీరాలంటాడు. చేతులు ఆ చివరి నుండి ఈ చివరకు ఎగిరి దూకే రచన అది; వింటున్నవారికి కళ్ళు తిరుగుతాయి. "అంత కష్టమైనది వాయిస్తే కాదనేవాడెవడు మామయ్యా?" అని ఫోనులో నాతో అన్నాడు. మా చెల్లెలేమో, "పరాయివాళ్ళ పాటలు నాలుగు వాయించినప్పుడు మన త్యాగయ్యది ఒక్కటి వాయిస్తే ఏం పోయింది అన్నయ్యా?" అంటుంది. పిల్ల ఇద్దరి మాటా విని, చివరకు హార్మోనియం మీద నాలుగు కీర్తనలు పలికించుకొనే ఈ విశ్రాంత తెలుగు పండితుడి దగ్గర కూర్చుంది. "తాతయ్యా, నాన్న చెప్పింది వాయిస్తే నాన్నకు సంతోషం. నాన్నమ్మ చెప్పింది వాయిస్తే నాన్నమ్మకు సంతోషం. పరీక్ష మాత్రం నాది కదా?"

ఆ ప్రశ్నకు తగిన జవాబు నా దగ్గర లేదు. జవాబు లేనప్పుడు చరిత్ర చెప్పడం పంతుళ్ళకు పాత అలవాటు.

సంగీతానికి ప్రవేశపరీక్ష అనేది మరీ ప్రాచీనమైనదేమీ కాదు. యూరపులోనూ మన గురుకులవాసం వంటి పద్ధతే చిరకాలం సాగింది. తండ్రి దగ్గరో, చర్చి వాద్యకారుని దగ్గరో, కొలువులోని విద్వాంసుని దగ్గరో నేర్చుకొనేవారు. ఫ్రెంచి విప్లవం తరువాత 1795లో పారిస్ కన్సర్వేటరీ వెలసింది. రాజ్యం ఖర్చుతో చదువు చెప్పే చోట, ఎవరిని చేర్చుకోవాలన్న ప్రశ్న తప్పదు గదా. పదిమంది పెద్దలు బల్ల వెనుక కూర్చొని ఒక పిల్లవాడి పదేళ్ళ కష్టాన్ని పదినిమిషాల్లో తూచే పద్ధతి ఆ విధంగా పుట్టింది. లండన్‌లో రాయల్ అకాడమీ 1822లో, లైప్‌జిగ్‌లో మెండెల్సన్ నెలకొల్పిన కళాశాల 1843లో వచ్చాయి. తరువాత ఊరూరా వెలిశాయి.

తూకం పెట్టిన నాటి నుండే తప్పుడు తూకాల కథలూ మొదలయ్యాయి. 1823 డిసెంబరులో హంగరీ నుండి ఒక తండ్రి పన్నెండేళ్ళ కొడుకును వెంటబెట్టుకొని పారిస్ కళాశాల గుమ్మమెక్కాడు. అధిపతి కెరూబినీ, విదేశీయులను చేర్చుకొనరాదన్న నియమం చూపి తిప్పిపంపాడు. కెరూబినీ స్వయంగా ఇటలీ వాడన్నది ఇందులోని చమత్కారం. ఆ పిల్లవాడే ఫ్రాంజ్ లిస్ట్. మా మేనల్లుడు పట్టుబట్టిన 'లా కాంపనెల్లా' అతనిదే. పరీక్ష దాకా రానివ్వకుండా వెనక్కు పంపిన పిల్లవాడి రచన ఇప్పుడు లోకంలోని పరీక్షలన్నిటా భయపెట్టే గుర్రమై కూర్చుంది. 1875లో బుడాపెస్టులో సంగీత అకాడమీ నెలకొన్నప్పుడు దాని మొదటి అధ్యక్షుడూ ఆయనే.

వెర్డీ కథ ఇంకా మనసును కలచివేస్తుంది. 1832లో పద్దెనిమిదేళ్ళ వెర్డీ, ఊరి వర్తకుడొకరి అండతో మిలాన్ కళాశాలకు వచ్చాడు. వయసు మించిపోయింది, పైగా పార్మా వాడు గనుక మిలాన్ లెక్కలో విదేశీయుడు. మినహాయింపు ఇచ్చి చేర్చుకోవాలంటే మెప్పించి తీరాలి. అతడు ఎంచుకొన్నది అప్పటికి పారిస్‌లో వెలుగుతున్న ఆన్రీ హెర్జ్ రచన. తళుకుబెళుకుల రచన, వేళ్ళ వేగం చూపేందుకు వ్రాసినది. పియానో అధ్యాపకుడు విని, చేతి పెట్టు సరిగా లేదనీ, ఈ వయసులో దిద్దడం కష్టమనీ తేల్చాడు. అతడు సమర్పించిన స్వీయరచనలను మాత్రం కొంత మెచ్చుకొన్నారు. ఫలితం: చోటు లేదు. ఆ గాయాన్ని వెర్డీ జీవితాంతం మరువలేదు. మిలాన్‌లోనే ప్రైవేటుగా చదువుకొని, 1842లో 'నబుక్కో'తో ఇటలీని ఊపేశాడు. ఈనాడు ఆ కళాశాల పేరే వెర్డీ కళాశాల.

ఈ కథను అందరూ పరీక్షకుల గుడ్డితనానికి ఉదాహరణగా చెబుతారు. నాకు మరొకటి తోస్తుంది. వెర్డీ ఎంచుకొన్న రచన అతని బలమెక్కడుందో చూపలేదు. బలహీనత ఎక్కడుందో మాత్రం తెరచి చూపింది. చేతి పెట్టు బాగులేనివాడు చేతి వేగమే ప్రాణమైన రచనను ఎంచుకొన్నాడు. పోతే, ఆనాడు ఇంటింటా వినవచ్చిన హెర్జ్ రచనలను ఈనాడు పట్టికలో పెట్టేవారు అరుదు. ఫ్యాషను ఒక తరం నిలువదు. ఈ మాట నేను మేనల్లుడికి ఫోనులో చెప్పాను. "అయితే లిస్ట్ కూడా అంతేనా?" అన్నాడు కొంచెం కినుకగా. కాదు, లిస్ట్ నిలిచాడు. కాని నిలిచిన రచనైనా ఎవరి చేతిలో నిలుస్తుందన్నది వేరే ప్రశ్న.

ఇక ఇప్పటి పట్టిక సంగతి. అమెరికా కళాశాలల్లో చాలాచోట్ల దాని రూపం దాదాపు స్థిరపడింది: బాఖ్‌ది ఒక ప్రెల్యూడ్, ఫ్యూగ్, హేడెన్, మొజార్ట్, బీథోవెన్‌లలో ఒకరి సొనాటా, ఒక ఎట్యూడ్, పంతొమ్మిదవ శతాబ్దపు భావగీతం వంటి రచన ఒకటి, వీలైతే ఇరవయ్యవ శతాబ్దానిది ఒకటి. ఇంగ్లండులో రెండు మూడు భిన్నమైన రచనలంటూ కొంత స్వేచ్ఛ ఇస్తారు గాని, పిల్లలు ఎంచుకొనేవి చాలావరకు ఈ అరల్లోనివే. ఎవరో ఒకరోజు కూర్చొని విధించిన చట్టం కాదిది. వందేళ్ళకు పైగా పొరలుపొరలుగా పేరుకొన్నది.

అడుగుపొర బాఖ్. ఆయన 'వెల్ టెంపర్డ్ క్లేవియర్' మొదటి సంపుటం 1722 నాటిది. పన్నెండు స్థాయిల్లో, ఒక్కొక్కదానికి మేజరు, మైనరు చొప్పున ఇరవైనాలుగు జంటలు. నేర్చుకోగోరే యువకుల ఉపయోగార్థమని ఆయనే ముఖపత్రం మీద వ్రాసుకొన్నాడు. చిత్రమేమంటే, మరుసటి ఏడాదే, 1723 ఫిబ్రవరి 7న, బాఖ్ తానే లైప్‌జిగ్‌లో పరీక్షకు నిలబడ్డాడు. అక్కడి చర్చి సంగీతాధికారి పదవికి రెండు కాంటాటాలు స్వయంగా రచించి వినిపించాడు. నగర సభవారు మొదట కోరినది టెలిమన్‌ను, పిదప గ్రౌప్నర్‌ను. వారిద్దరూ కుదరక చివరకు బాఖ్‌ను తీసుకొన్నారు. ఈనాడు ప్రతి పరీక్షలోనూ కొలమానమై కూర్చున్న మనిషి తన పరీక్షలో మూడవ ఎంపిక! పుస్తకం అచ్చుకెక్కడానికి 1801 దాకా ఆగవలసి వచ్చింది. అంతవరకు చేతివ్రాత ప్రతులలోనే గురువు నుండి శిష్యునికి సాగింది.

ఫ్యూగ్ అంటే ఏమిటో మనవారికి చెప్పాలంటే, ఒకే పల్లవిని ముగ్గురు నలుగురు గాయకులు వేర్వేరు ఎడుపులలో, వేర్వేరు స్థాయిలలో అందుకొంటూ, ఎవరి దారి వారు పోతూనే ఒకరి మాటకు ఒకరు అడ్డురాకుండా పాడుతున్నారనుకోండి. ఆ నలుగురూ ఒక్క మనిషి పది వేళ్ళలో ఉండాలి. ఒకే చేతిలో బొటనవ్రేలు ఒకరి గొంతు, చిటికెనవ్రేలు మరొకరి గొంతు. దీంట్లో మోసం చేయడం అసాధ్యం. లోపలి గొంతు వినని పిల్లవాడు రెండు నిమిషాల్లో బయటపడిపోతాడు. అందుకే పరీక్షకులు దీన్ని వదలరు.

రెండవ పొర సొనాటా. ఎదురెదురు స్వభావాలు గల ఇతివృత్తాలను ప్రవేశపెట్టి, వాటిని సంఘర్షింపజేసి, తిరిగి ఇల్లు చేర్చే నిర్మాణం. ఇందులో చూసేది వేగం కాదు. ఎక్కడ బయలుదేరాడో, ఎక్కడికి పోతున్నాడో వాయించేవాడికి తెలుసా అన్నది. బీథోవెన్ సొనాటాలు ముప్ఫైరెండు. బాఖ్ గ్రంథం పియానోవాద్యకులకు పాత నిబంధన అనీ, ఈ ముప్ఫైరెండు కొత్త నిబంధన అనీ హాన్స్ ఫాన్ బ్యూలో పోల్చినట్లు ప్రసిద్ధి. శాస్త్రం, కావ్యం రెండూ చదివిరమ్మన్నాడన్నమాట.

మూడవది ఎట్యూడ్. దీనికి నాకు చాలా దగ్గర పోలిక కనిపిస్తుంది. చెర్నీ, క్రేమర్‌ల అభ్యాసాలు మన సరళీ, జంట స్వరాల వంటివి. ఇంటిలోనివే గాని సభలోనివి కావు. 1833లో షోపాన్ పన్నెండు ఎట్యూడ్‌లను ప్రకటించాడు, 1837లో మరి పన్నెండు. అభ్యాసం అభ్యాసంగానే ఉంటూ సభకెక్కింది. మన వర్ణం చేసినది అదే పని గదా! రాగం ఒడుపు, తాళం నిగ్రహం, గొంతు సాధన అన్నీ అందులో ఉన్నా, కచేరీ మొదలుపెట్టడానికి అంతకంటే మంచిది లేదు.

ఈ పోలిక వద్ద నా సొంత కథ ఒకటి చెప్పక తప్పదు. నా పదిహేడవయేట నేనూ ఒక సంగీత కళాశాల ప్రవేశానికి వెళ్ళాను. ఆ ముందు ఆరునెలలూ భైరవి రాగంలోని అటతాళ వర్ణం పట్టుకొని వదలలేదు. అది పాడగలిగితే మిగిలినదంతా వచ్చినట్టేనని మా ఊరి వారందరూ అన్నారు, నేనూ నమ్మాను. ఎదుట కూర్చున్న పెద్దాయన పల్లవి వరకే విని, చేయెత్తి ఆపి, "మాయామాళవగౌళలో జంట స్వరాలు మూడు కాలాల్లో పాడు నాయనా" అన్నారు. మూడవ కాలంలో నా తాళం తప్పింది. నవ్వలేదు ఆయన. వచ్చే ఏడు రమ్మన్నారు. వచ్చే ఏడు మా నాన్న లేరు, నేను పంతులు శిక్షణలో చేరిపోయాను. ఆయన మీద నాకు కోపం లేదు. ఆరునెలలు శిఖరం మీదే కన్నుంచి మెట్లు చూసుకోని కుర్రవాడి మీద ఉంది. లా కాంపనెల్లా పేరు వినగానే నా గుండె ఎందుకు దడదడలాడిందో పాఠకులు ఇప్పుడు గ్రహించగలరు.

సంగీత కళాశాల అనగానే మా ఉత్తరాంధ్రకు విజయనగరం గుర్తుకు రాక మానదు. 1919లో విజయరామ గజపతి మహారాజు అక్కడ గానపాఠశాలను నెలకొల్పారు. కొలువులోని ఒక ఉద్యోగి కుమారుడు అంధుడు కావడం, అతనికి సంగీతం చెప్పించమని కోరడం దీనికి మూలమని చెబుతారు. ఒక్క పిల్లవాడికి చేయబోయిన ఉపకారం వేలమందికి దక్కింది. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు. ఆ మొదటి ఏడే ద్వారం వెంకటస్వామినాయుడు, ఇరవై ఆరేళ్ళవాడు, చూపు మందగించినవాడు, విద్యార్థిగా చేరుదామని విశాఖపట్నం నుండి వెళ్ళాడట. దాసుగారు ఫిడేలు విని, నీవు చేరవలసినది విద్యార్థిగా కాదు, ఆచార్యుడిగా అని అక్కడే నియమించారన్న కథ మా ప్రాంతంలో పసిపిల్లలు కూడా చెబుతారు. 1936లో దాసుగారి తరువాత ఆయనే అధ్యక్షుడయ్యాడు. 1941లో సంగీత కళానిధి. ఇటువంటి ప్రవేశపరీక్ష ప్రపంచ చరిత్రలో ఇంకెక్కడైనా జరిగిందేమో నాకు సందేహమే. కెరూబినీ బల్ల మీద నియమావళి ఉంది. దాసుగారి ఎదుట ఫిడేలు మాత్రమే ఉంది.

అదే ఊరికి ఇంకో కుర్రవాడు కృష్ణా జిల్లా నుండి వేలి ఉంగరం అమ్ముకొని వచ్చాడు. వచ్చేసరికి కళాశాలకు వేసవి సెలవులు. పట్రాయని సీతారామశాస్త్రిగారు ఇంటనుంచుకొని చదువు చెప్పారు. అన్నం కోసం ఆ కుర్రవాడు జోలె పట్టి మధుకరం ఎత్తాడు. ఆయనే ఘంటసాల. సాలూరు చినగురువుగా పేరొందిన శాస్త్రిగారి ఇంటిలో హార్మోనియానికి గొప్ప గౌరవం ఉండేది. వారి కుమారుడు సంగీతరావు, ఘంటసాలకు దశాబ్దాలపాటు సహాయకులు, నూరేళ్ళు నిండి 2021లో కన్నుమూశారు. హార్మోనియం మెట్ల మీద కర్ణాటక సంగీతం ఎంతదూరం నడవగలదో చూపిన వంశమది.

ఇక్కడే మా చెల్లెలి ప్రశ్న తగులుతుంది. మెట్ల వాద్యం మీద మన పాట పలుకుతుందా? ఫిడేలు కూడా పరదేశమే గదా. బాలస్వామి దీక్షితులు యూరోపియన్ల వద్ద నేర్చి, దాన్ని మన సంగీతానికి మరిపిన నాటి నుండి అది మన ఇంటి కోడలై కూర్చుంది. కారణం స్పష్టం: ఫిడేలుకు మెట్లు లేవు. వేలు జారినంతమేరా స్వరం జారుతుంది. గమకానికి చోటు దొరుకుతుంది. పియానోలో సుత్తి తీగను ఒక్కసారి తాకి వెనక్కు పోతుంది. ఆ క్షణం నుండి స్వరం సన్నగిలడమే తప్ప, ఊగడం, వంగడం లేదు. తోడి రాగపు గాంధారాన్ని దాని మీద ఎంతటి మహానుభావుడైనా ఊపలేడు.

ఇంకొక లౌకిక కారణం కూడా ఉంది. పియానో ధర, బరువు సరే, మన తీరదేశపు గాలి దానికి శత్రువు. ఉప్పుగాలికి తీగలు తుప్పుపడతాయి, చెమ్మకు జిగురు వీడుతుంది, సుత్తులకు చుట్టిన ఫెల్టును పురుగు తింటుంది. ఉష్ణదేశాలకు పంపే పియానోలకు జిగురును నమ్మక మరలు బిగించి ఇచ్చే కంపెనీలుండేవి. మద్రాసులో 1842లో మిస్క్విత్ దుకాణం తెరిచారు. అదే తరువాత మ్యూసీ మ్యూజికల్ అయింది, లండన్ ట్రినిటీ కళాశాల పరీక్షలకు కేంద్రమయింది. దొరల బంగళాలలో, మిషను బడులలో పియానో నిలిచింది, పల్లెకు దిగలేదు. పల్లెకు దిగినది దాని పేదబంధువు. 1842లోనే పారిస్‌లో దెబాఁ పేటెంటు తీసుకొన్న హార్మోనియం కలకత్తాలో చేతివాద్యంగా కురచనై, నాటకాల వారి భుజమెక్కి మా ఊళ్ళకు వచ్చింది.

ఆ పేదబంధువుకు జరిగిన అవమానం తక్కువది కాదు. ఆకాశవాణిలో పాశ్చాత్య సంగీతాధికారిగా ఉండిన జాన్ ఫోల్డ్స్ 1938లో హార్మోనియాన్ని తూర్పారబట్టుతూ వ్యాసం వ్రాశాడు. 1940 మార్చి 1 నుండి రేడియోలో దానిపై నిషేధం అమలయింది. ముప్ఫై ఏళ్ళు దాటి 1971లో గాని సడలలేదు. ఇంగ్లీషువాడొకడు, అదీ మెట్ల వాద్యం పుట్టిన ఖండం వాడు, మీ సంగీతానికి ఈ మెట్లు పనికిరావని మనకు చెప్పడం, మనం విని తలూపడం! చెప్పిన విషయంలో సత్యం లేకపోలేదు. అయినా ఊరి భజనలో ఆడపిల్లలు శ్రుతి పట్టుకొన్నది ఆ పెట్టెతోనే.

రేడియో ప్రసక్తి వచ్చింది గనుక ఒక మాట. కేస్కర్ మంత్రిగా ఉన్న 1950లలో ఆకాశవాణి కళాకారులందరికీ పరీక్ష పెట్టి తరగతులు నిర్ణయించింది. తలపండిన విద్వాంసులు కొందరు, మమ్మల్ని పరీక్షించేదెవరని మండిపడ్డారు. ఆ పద్ధతిలో అభ్యర్థి తాను పాడగల రాగాల, కృతుల పట్టీ ఇవ్వాలి. అందులోనుండి వారు అడుగుతారు. పట్టీ పొడుగ్గా ఉంటే గొప్ప అనుకొని, రానివి కూడా వ్రాసి చిక్కుల్లో పడినవారి కథలు మా తరంలో చాలా ఉన్నాయి.

పియానోకు మన సంగీతాన్ని దగ్గర చేయాలని చూసినవారు లేకపోలేదు. మద్రాసులో చిన్నస్వామి మొదలియార్ 1890లలో మన కృతులను పాశ్చాత్య స్వరలిపిలో అచ్చువేశారు. ఆయన ప్రేరణే సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'కి ఒక మూలం. 1904లో తమిళదేశపు ఎట్టయపురంలో, తెలుగు లిపిలో వెలువడిన ఆ మహాగ్రంథం స్వరాల నెత్తిన గమకాలకు వేర్వేరు గుర్తులు పెట్టింది. ఆ గుర్తులలో చాలావాటికి పియానో వద్ద సమాధానం లేదు. కాని అన్ని కృతులూ ఒక్కటి కావు. ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బాండు వరుసలకు సంస్కృత సాహిత్యం కూర్చి 'నొట్టు స్వరాలు' రచించారు; వారి రాజగీతం వరుసకే 'సంతతం పాహిమాం' పుట్టింది. త్యాగరాజు శంకరాభరణంలోని 'వరలీల గానలోల'లోనూ ఆ గాలి తగులుతుంది. శంకరాభరణం వారి మేజరు స్థాయే గనుక అది పియానో మీద సుఖంగా నడుస్తుంది.

ఇది విని మా చెల్లెలి ముఖం వెలిగింది. పిల్ల మాత్రం ఆలోచించి, "వాళ్ళకు ఇది మనదని ఎలా తెలుస్తుంది తాతయ్యా? వాళ్ళ పాటే వాళ్ళకు తిరిగి వినిపించినట్టుంటుంది కదా?" అంది. పదిహేడేళ్ళ పిల్ల నోట ఆ మాట విని కాసేపు నేను మాట్లాడలేదు.

అప్పుడే దెబుస్సీ సంగతి వచ్చింది. ఆయన పదేళ్ళకే, 1872లో, పారిస్ కళాశాలలో చేరాడు. ఏటేటా జరిగే పియానో పోటీలలో మొదటి బహుమానం ఎన్నడూ రాలేదు; పియానోవాద్యకుడు కావాలన్న ఆశ అక్కడితో పోయింది. 1889 పారిస్ ప్రదర్శనలో జావా ద్వీపపు గామెలాన్ విన్నాడు. 1903లో 'పగోడాలు' అనే పియానో రచన చేశాడు. జావా వరుసను ఎత్తి అతికించలేదు. ఆ గంటల మ్రోత గాలిలో నిలిచే తీరును పియానో తనదైన పద్ధతిలో ఎలా పలకగలదో వెతికాడు. గంట కొట్టాక స్వరం సన్నగిలడమే గదా, పియానో స్వభావమూ అదే. లోపమనుకొన్నది అక్కడ అందమయింది.

పట్టిక ఎంత చక్కగా కూర్చినా తలుపు తెరుచుకోని సందర్భాలుంటాయని కూడా ఆమెకు చెప్పాను, చెప్పకపోవడం అన్యాయమనిపించింది. అమెరికాలో నల్లజాతి పిల్ల యూనిస్ వేమన్‌కు ఊరివారు చందాలు వేసి పియానో చదివించారు. 1951లో ఫిలడెల్ఫియాలోని కర్టిస్ కళాశాల ఆమెను తీసుకోలేదు. తన రంగే కారణమని ఆమె చివరివరకూ నమ్మింది. బ్రతుకుతెరువుకు బారులో వాయిస్తూ నీనా సిమోన్ అని పేరు మార్చుకొంది. లోకమంతా విన్నది ఆ పేరునే. 2003లో అదే కళాశాల గౌరవపట్టం ప్రకటించింది. ప్రకటించిన కొద్దిరోజులకే ఆమె కన్నుమూసింది. పిల్ల ఇది విని, ఫోనులో ఆమె పాట వెతికి, చాలాసేపు వింటూ కూర్చుంది.

మరునాటి ఉదయం కాగితం మీద పట్టిక కనిపించింది. బాఖ్ మొదటి సంపుటంలోని సి మైనరు ప్రెల్యూడ్, ఫ్యూగ్. హేడెన్ ఇ మైనరు సొనాటా మొదటి భాగం. షోపాన్ రెండవ సంపుటంలోని మొదటి ఎట్యూడ్. దెబుస్సీ 'పగోడాలు'. మొత్తం పదిహేను నిమిషాలకు లోపు. ఫ్యూగ్‌ను ఆమె రెండేళ్ళుగా వాయిస్తున్నదట. నిద్రలో లేపి అడిగినా ఏ గొంతు ఎక్కడ చేరుతుందో చెప్పగలదట. అది విన్నాక నాకు ధైర్యం వచ్చింది. మేనల్లుడు పట్టిక చూసి కాసేపు మౌనంగా ఉండి, "లిస్ట్ లేదేం మామయ్యా?" అన్నాడు. "చేరిన తరువాత నేర్చుకొంటుందిలే" అన్నాను.

ప్రయాణానికి ముందునాటి సాయంత్రం వాళ్ళ నాన్నమ్మ కోసం 'వరలీల గానలోల' మొదలుపెట్టింది. రెండవ ఆవృతంలో కరెంటు పోయింది. ఎలక్ట్రానిక్ పియానో మూగవోయింది. ఆవ మీదుగా వాన వస్తున్న చప్పుడు ఒక్కటే. పిల్ల లేచి మూలనున్న నా హార్మోనియాన్ని ముందుకు లాగింది. రెండు చేతులా వాయించే అలవాటు గనుక తిత్తి వేయడం ఆమెకు చేతకాలేదు. ఎదురుగా కూర్చొని తిత్తి నేను వేశాను. మా చెల్లెలు చీకట్లో తాళం వేసింది.